డేగమనిషి దూకాలా వద్దా

ఎనిమిదో రీలు ఎక్కిస్తున్నారు. వాచీలో మూడు కావడానికి పది నిమిషాలుంది. నాలుగింటికి ఎండ బండ మీద ఏటవాలుగా పడుతుందట, అప్పుడు షాట్ తీస్తారట, తీయాలో వద్దో నేను చెప్పాలట. ఈ అటలన్నీ పొద్దున జీపులో కూర్చున్నప్పుడు గొప్పగానే ఉన్నాయి. ఇప్పుడు ఈ పాత కోళ్ళ షెడ్డులో, గోనెపట్టాలు కట్టిన చీకట్లో తలుచుకుంటుంటే అరిచేతులు చెమట పడుతున్నాయి, ప్యాంటుకు తుడుచుకుంటున్నాను, మళ్ళీ పడుతున్నాయి. వారం వారం పత్రికలో సినిమాలను ఉతికి ఆరేసే భీమేశ్వరరావును నేను. పగలు ప్రభుత్వాఫీసులో ఫైళ్ళు రాసుకునే గుమాస్తాను, గురువారం సాయంత్రం మాత్రం చిన్న సైజు యముణ్ణి, మా ఆవిడ నాగేశ్వరి పెట్టిన పేరే అది. ఆ యముడికి ఇవాళ నిజంగానే ఒక మనిషిని అప్పజెప్పారు, నాకొద్దు మొర్రో అన్నా వినేవాళ్ళు లేరు, ఎందుకంటే అడిగి తెచ్చుకున్నది నేనే.

అవును, నేనే. రెండేళ్ళ కిందట డేగమనిషి మొదటి భాగం వచ్చింది. ఒక బడిపంతులికి కొండ మీద డేగ ఈక దొరకడం, దాంతో శక్తులు రావడం, ముసుగు తగిలించుకుని ఎగరడం, బండరాళ్ళు ఎత్తి దొంగల మీద వేయడం, పిల్లలు వెర్రెత్తిపోయారు, నూరు రోజులాడింది. ఊరంతా చప్పట్లు కొడుతుంటే నేను కొట్టకపోవడమే కదా నా ప్రత్యేకత. అందుకని రాశాను. పతాక సన్నివేశంలో కొండ మీంచి దూకింది మనిషి కాదు, గడ్డి కూరిన బొమ్మ, ఆ సంగతి మూడో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు, ఇంత పెద్ద చిత్రబృందంలో నిజంగా దూకే మగాడు ఒక్కడూ లేకపోయాడా, అని. ఆ ఆఖరి ముక్క నాగేశ్వరికి చదివి వినిపించాను కూడా. ఆమె ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతూ, "మీరు దూకుతారా?" అంది. పెళ్ళాలకు విమర్శ అర్థం కాదులే అనుకున్నాను. ఆ ముక్క బుల్లిబాబు గారు కత్తిరించి దాచుకున్నాడు. నిర్మాతా ఆయనే, దర్శకుడూ ఆయనే, మా గోదావరి వైపు మనిషే, ఇరవై ఏళ్ళుగా మద్రాసులో కాపురం. కోపం మనిషి కాదు, అదే నా ప్రాణం మీదికి వచ్చింది. కోపమొచ్చిన నిర్మాతలు పత్రికాఫీసుకు వచ్చి నాలుగు కేకలేసి పోతారు. ఈయన నవ్వుతూ ఉత్తరం రాశాడు. రెండో భాగం తీస్తున్నానండి, నిజంగా దూకే మగాణ్ణి దొరకబుచ్చుకున్నానండి, ఆ ఒక్క షాట్ తప్ప అంతా అయిపోయింది, దూకే ముందు మీరొచ్చి సినిమా చూసి, దూకాలో వద్దో చెప్పండి, అక్కర్లేదంటే మానేస్తాను, మీ మాటే మాట, అని.

దొరకబుచ్చుకున్న మగాడి పేరు సాయిలు. నల్లగండ్లలో బండలు కొట్టి బతికే మనిషి, ముప్పై ఏళ్ళుంటాయేమో. మొదటి భాగం షూటింగు ఈ గచ్చిబౌలి గుట్టల్లో జరిగినప్పుడు లైట్లు మోయడానికి వచ్చాడట, హీరో గారి మోకాలు బెణికితే ముసుగు ఇతని తలకు తగిలించారట, అప్పటినుంచీ ముసుగేసిన షాట్లన్నీ ఇతనివేనట. సినిమా వేయకముందు షెడ్డు బయట చాయ్ తాగుతుంటే నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు, ఒంటి మీద రెక్కల కోటు, ఒళ్ళో తోలు ముసుగు, దానికి జానెడు ముక్కు. ఏదీ చూడనీ అని తీసుకుని నా మొహానికి పెట్టుకున్నాను. ఎదర కాస్త వెలుతురు తప్ప కింద ఏమీ కనపడలేదు, నా కాళ్ళు నాకే కనపడలేదు. "గంతే సారు, ముక్కు అడ్డమొస్తది," అన్నాడు సాయిలు నవ్వుతూ. మరి ఎలా చేస్తావయ్యా అంటే, "నాకేం ఫికర్, బుల్లిబాబు సారు రేకు గొట్టంల చెప్తనే ఉంటడు గద. ఆగుమంటె ఆగుత," అన్నాడు. పక్కన అతని భార్య రుక్కమ్మ సద్ది మూట విప్పుతోంది. నన్ను ఎగాదిగా చూసి, "మీరేనా సారు, చెప్పేటి సారు?" అంది. అవునన్నాను, పత్రికలో రాసేదీ నేనేనన్నాను. "గింత దానికి పట్నంకెల్లి గింత దూరం వచ్చిన్రా?" అంది, కొంచెం జాలిగా. గింత దానికి. నాలుగు నిలువుల బండ మీంచి తన మొగుడు దూకడం ఆమెకు గింతే. ఏం గుండె ధైర్యం వీళ్ళది అనుకుంటూ బండ మీదికి ఎక్కి కిందికి చూశాను. చూడకపోయినా బాగుండేది. అంచు కింద రెండు నిలువుల లోతున బారెడు వెడల్పు రాతి చట్టు ఒకటి ముందుకు పొడుచుకుని ఉంది, దాన్ని దాటి బాగా అవతలికి దూకితేనే గడ్డి మోపులు, వాటి మీద పరిచిన పరుపులు. దాటకపోతే. ఇక ఆలోచించలేదు, దిగి వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను.

ఎత్తంటే నాకు చిన్నప్పటినుంచీ చచ్చేంత భయం. మా ఊళ్ళో కాలవ లాకుల మీంచి పిల్లలందరూ నీళ్ళలోకి దూకేవాళ్ళు, నా ఈడువాళ్ళు, నాకంటే చిన్నవాళ్ళు, ఆఖరికి మా పిన్ని కూతురు అమ్మణ్ణి కూడా పరికిణీ ఎగదోపుకుని దూకేది. నేను గట్టు మీద నుంచుని మార్కులు వేసేవాణ్ణి. నీకు ఆరు, నీకు నాలుగు, నువ్వు కాళ్ళు ముడిచావు కాబట్టి రెండు. నన్నెవరూ వేయమని అడగలేదు. కానీ వేస్తుంటే వినేవాళ్ళు, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ గట్టెక్కి వచ్చి, నాకెంతరా భీముడూ అనేవాళ్ళు, పొడి చొక్కాతో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ విమర్శకుడు ఆ గట్టు మీదే పుట్టాడు, పత్రికవాళ్ళు తర్వాత వాడికొక పేజీ ఇచ్చారు, అంతే. అయితే లాకుల కింద నీళ్ళుండేవి. నేనెన్ని మార్కులు వేసినా ఎవడూ చావలేదు.

సినిమా చూడు, భీమేశ్వరరావూ, చూడటానికి కదా వచ్చావు. తెర మీద హీరో గారు ఏడుస్తున్నారు. ఇంకా సంగీతం కలపలేదు, బయట జనరేటరు మోతలో ఆయన ఏడుపు ఒంటరిగా వినిపిస్తోంది, వయొలిన్లు లేకపోతే ఆయనకు ఏడవడం రాదని తెలిసిపోతోంది. కనుబొమలు పైకి వెళ్తాయి, కిందికి వస్తాయి, పెదవి వణుకుతుంది, కళ్ళు మాత్రం కెమెరా పక్కన ఎవరినో చూస్తుంటాయి, భోజనాల వేళయిందా అని అడుగుతున్న కళ్ళు. నాకు తెలియకుండానే లోపల వాక్యాలు తయారవుతున్నాయి, కథనం మధ్యలో కుంటుపడింది, హాస్యజంట ప్రేక్షకుల సహనానికి పరీక్ష, ప్రతినాయకుడు మీసాలతో తప్ప మొహంతో నటించలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు, ఆగదు. మూడో రీలు నుంచి ఆరో రీలు దాకా ఏమీ జరగలేదు. మొదటి భాగం ఆడింది కదా అని అందులో నవ్వినచోటే మళ్ళీ నవ్వించారు, కొట్టినచోటే మళ్ళీ కొట్టారు, రెండు పాటలు ఊరికే దారి తప్పి వచ్చాయి. ఇది ఇలాగే ఉంటే ఎంత బాగుండు, పూర్తిగా చెత్తగా ఉంటే, లేచి చేతులు దులుపుకుని, బుల్లిబాబు గారూ, ఈ సినిమా కోసం ఎవరూ ఎక్కడినుంచీ దూకక్కర్లేదు, ఇంటికి పోదాం పదండి అనేవాణ్ణి. ఆ ఆశతోనే ఏడు రీళ్ళు చూశాను. ఎప్పుడూ ఏ సినిమా ఇంత చెడ్డగా ఉండాలని కోరుకోలేదు నేను.

తొమ్మిదో రీలు. ముసుగు మనిషి నడుస్తున్నాడు. గుట్టల మధ్య ఒక్కడే, సీతాఫలం చెట్ల మధ్య నుంచి, తొందర లేకుండా, ఎడం భుజం ఒక వేలెడు కిందికి దిగి ఉంది. ఆ భుజం చూడగానే ఒళ్ళు జల్లుమంది నాకు. ఇందాక చాయ్ గ్లాసు పెట్టి లేచినప్పుడు చూశాను, సుత్తి మోసి మోసి వంగిన సాయిలు భుజం అది. అయితే మొదటి భాగంలో, అయ్యో, మొదటి భాగంలో నేనేం రాశాను. ముసుగు వెనక ఉండి కూడా కథానాయకుడు నడకతోనే పాత్ర బరువంతా చూపించారు, ఆ భుజం దించడంలో ఎంత పరిశీలన, ఎంత సాధన, అని రాశాను. హీరో గారు దాన్ని పటం కట్టించుకున్నారట. సాధనట నా మొహం. బండలు కొట్టేవాడి భుజాన్ని చూసి మహానటుడికి దండం పెట్టాను. మరి ఇన్నేళ్ళుగా ఇంకెవరి నడకలకు ఇంకెవరి పేర్లు రాశానో, ఎన్ని గురువారాలు ఇలా తప్పు మనిషికి మార్కులు వేశానో. ఇప్పుడు చూస్తుంటే తెలుస్తోంది, ముసుగు వేసినప్పుడల్లా ఈ సినిమా బతుకుతోంది, తీసినప్పుడల్లా చచ్చిపోతోంది. ఊరి జనం రాళ్ళు రువ్వుతుంటే ముసుగు మనిషి తల కూడా తిప్పడు, ఒక రాయి వీపుకు తగిలితే చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంటాడు, అంతే, అలా తడుముకోమని ఏ దర్శకుడూ చెప్పి ఉండడు. ఆ చెయ్యి బయట ఉంది, ఈ గోనెపట్టాకు అవతల సద్ది తింటోంది, గంటలో ఏమవుతుందో తెలియదు.

పదో రీలు. బుల్లిబాబు గారు అప్పుడప్పుడు నా వైపు తిరిగి చూస్తున్నాడు, నేను తెర వైపే చూస్తున్నాను, చూడకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే కథ ఇప్పుడు లేచి నిలబడింది. డేగమనిషికి ఈక పోయింది, దాంతో శక్తులు పోయాయి. మామూలు బడిపంతులైపోయాడు. కింద బండల గుంటలో తన బడి పిల్లలు చిక్కుకున్నారు, పైనుంచి దూకడం తప్ప దారి లేదు, దూకితే ఎగరలేనని అతనికి తెలుసు, పిల్లలకు తెలియదు, వాళ్ళు డేగమనిషీ రా రా అని పిలుస్తున్నారు. అతను పాత ముసుగు తీసి మళ్ళీ తగిలించుకుంటాడు. అబ్బ. ఎవరు రాశారయ్యా దీన్ని. మొదటి భాగమంతా ఎగరడం గురించి, రెండో భాగమంతా ఎగరలేనివాడు దూకడం గురించి. ఈ ఒక్క ఆలోచన కోసం ఆ హాస్యజంటను, ఆ పాటలను, ఆ కనుబొమలను క్షమించవచ్చు. కానీ దూకాలి. ఇక్కడ గడ్డిబొమ్మ పడితే హాలంతా నవ్వుతుంది, కథ మొత్తం ఆ బొమ్మతో పాటు కూలిపోతుంది. మనిషే దూకాలి, ఒళ్ళు ఉన్న మనిషి, బరువు ఉన్న మనిషి, పడితే దెబ్బ తగిలే మనిషి. నా మనసు ఈ మాట అంటుంటే నా పొట్ట వద్దు వద్దు అంటోంది. నాగేశ్వరి ఉంటే ఏమనేది, మీరు దూకుతారా అనేది. రేపు పేపర్లో వస్తుందా, షూటింగులో ప్రమాదం, ఒకరి మృతి, నాలుగు లైన్లు, లోపలి పేజీలో. రుక్కమ్మకు ఆ నాలుగు లైన్లు చదవడం కూడా రాదు. వద్దని చెప్పేస్తే సరిపోయె. చెప్పు. అబద్ధమాడు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి అబద్ధమాడితే కొంపలేం మునగవు. కానీ అక్కర్లేదు అంటే ఆయన ఎందుకని అడుగుతాడు, నాకు ఎందుకో చెప్పడం రాదు, ఎందుకు కావాలో మాత్రం గంటసేపు చెప్పగలను.

పదకొండో రీలు నాలుగు నిమిషాలే ఉంది. ముసుగు మనిషి బండ మీదికి వచ్చి నిలబడతాడు. గాలికి రెక్కల కోటు కొంచెం ఆడుతుంది. ఆ తర్వాత ఏమీ లేదు, తెల్లటి తెర, చిటపటమని చుక్కలు. గోనెపట్టా ఎత్తారు, ఎండ మొహాన కొట్టింది, కోళ్ళ వాసన మళ్ళీ తెలిసింది. "చెప్పండి భీమేశ్వరరావు గారూ," అన్నాడు బుల్లిబాబు, చేతులు కట్టుకుని, నిజంగానే విద్యార్థి లాగా. నేను గొంతు సవరించుకున్నాను. వద్దని చెప్పడానికే సవరించుకున్నాను, దేవుడి తోడు. కానీ గొంతు సవరించుకోగానే ఆ పాత భీమేశ్వరరావు, గట్టు మీద పొడి చొక్కా భీముడు, వాడు లేచి మాట్లాడాడు. "ఆ దూకడం లేకపోతే ఈ సినిమాకి కథే లేదండీ," అన్నాడు. ఎంత చక్కగా, ఎంత స్థిరంగా వచ్చిందా మాట. బుల్లిబాబు గారి కళ్ళు మెరిశాయి. నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు, చేతులు ఐసులా ఉన్నాయేంటండీ అన్నాడు, నవ్వాడు, బల్ల మీది రేకు గొట్టం తీసుకుని బయల్దేరాడు.

వాకిట్లోకి వెళ్ళిన మనిషిని పిలిచాను. "బుల్లిబాబు గారూ. అతను ఒప్పుకున్నాడా? సరిగ్గా అడిగారా?" నా భయం నాకే సిగ్గుగా ఉంది, అయినా అడిగాను. ఆయన వెనక్కి తిరిగి, "ఒప్పుకోవడమేంటండీ, నవ్వాడు," అన్నాడు. "నేనేమీ దాచలేదు, స్క్రిప్టులో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. డేగమనిషి శిఖరం అంచు నుంచి ఉరుకుతాడు, అని. గింతేనా సారు, ఉరుకుడే గద, ఎంతసేపంటె అంతసేపు ఉరుకుత, అన్నాడు. చూడండి ఎంత ధీమానో. వాళ్ళావిడ కూడా పక్కనే ఉంది." అలా సాయిలు యాసను అనుకరించి ముచ్చటపడి, ఎండ పోతుందండీ అంటూ గబగబా గుట్ట వైపు వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ కుర్చీలో కూలబడ్డాను. సరే, ఒప్పుకున్నాడు కదా, అడిగే ఒప్పించారు కదా, ఇక నా పాపం ఏముంది. ఎంతసేపంటె అంతసేపట. ఎంత గుండె. ఎంతసేపంటే అంతసేపు. ఎంతసేపంటే అంతసేపు దూకడమేంటి? దూకడం ఎంతసేపు పడుతుంది, కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. ఎంతసేపంటే అంతసేపు ఎవడైనా ఎలా దూకుతాడు? ఎంతసేపైనా చేయగలిగేది ఏముంది, నడవచ్చు, మోయచ్చు, పరిగెత్తచ్చు.

ఉరకడం. మా వైపు ఏట్లోకి ఉరికాడంటే దూకాడని, గోడ మీంచి ఉరికాడంటే దూకాడని. ఇక్కడ ఉరకడమంటే పరిగెత్తడం. దూకడాన్ని వీళ్ళు దునకడమంటారు. ఈ ఊరు వచ్చిన కొత్తలో బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉన్నాను, కండక్టరు వెనకాల రోడ్డు మీద వస్తున్న ఎవరితోనో ఉరుకు ఉరుకు అని అరిచాడు, నాతోననుకుని కదిలే బస్సు మీంచి దూకేశాను, మోకాళ్ళు చిట్లిపోయాయి. ఉరుకుమంటె దునుకుతరా సారు, అని ఆ కండక్టరే లేవదీసి నవ్వాడు. వారం రోజులు ఆఫీసులో అదే కథ చెప్పుకుని నవ్వించాను. మరి నేను కదా ముందుగా పోల్చుకోవాల్సింది, మద్రాసు మనిషికి ఏం తెలుస్తుంది, ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉప్పూ పులుసూ తింటున్నవాణ్ణి. సాయిలు పరిగెత్తడానికి ఒప్పుకున్నాడు. బండ మీద పరిగెత్తి, ఆగమన్నప్పుడు ఆగుతాడు, తర్వాత పోయినసారి లాగే బొమ్మను పడేస్తారనుకుంటున్నాడు. ముసుగులో కాళ్ళు కనపడవు, అంచు కనపడదు. ఆగమనేదాకా పరిగెడతాడు. బుల్లిబాబు ఆగమనడు. ఎందుకంటాడు, దూకుతాడని చూస్తుంటాడు. దూకనివాడు చట్టును దాటడు. గింత దానికి గింత దూరం వచ్చిన్రా అంది ఆమె. నేను ధైర్యమనుకున్నాను.

లేచాను. కుర్చీ పడింది. బయట ఎండలో ఒక్క క్షణం ఏ వైపో తెలియలేదు, తర్వాత గుట్ట, గుట్ట మీద కెమెరా, దాని పక్కన బుల్లిబాబు తెల్ల చొక్కా, ఆ చివర నల్లగా రెక్కల కోటు. నేను ఎప్పుడు పరిగెత్తానో చివరిసారి, కాలేజీలోనా, అప్పుడూ లేదేమో. చెప్పు ఒకటి ఊడిపోయింది. తుమ్మముల్లు గుచ్చుకుంది, తర్వాత చూసుకుందాం, ఈ రాళ్ళు ఎందుకిలా జారుతున్నాయి, ఊపిరి అందడం లేదు, పిలుద్దామంటే గొంతు రావడం లేదు, ఇందాక ఎంత బాగా వచ్చిందీ గొంతు, కథే లేదండీ అని. రుక్కమ్మ దారిలో రాయి మీద కూర్చుని ఉంది, నన్ను చూసి లేచి నిలబడింది, నా మొహం చూసి నా వెనకే రావడం మొదలుపెట్టింది. అప్పుడు వినపడింది రేకు గొట్టం. "ఉరుకు." సాయిలు పరుగు మొదలుపెట్టాడు. ముసుగు ముక్కు పైకెత్తి, రెక్కలు వెనక్కి తోలుతూ, తెర మీద చూసిన దానికంటే గొప్పగా పరిగెడుతున్నాడు, నిశ్చింతగా, చెప్పేవాళ్ళు చెప్తారన్న నమ్మకంతో. "ఉరుకు, ఉరుకు," అంటోంది గొట్టం, అంచు దగ్గరకొస్తున్న కొద్దీ గట్టిగా, అతనికేమో ఇంకా బండ ఉందనే కదా దాని అర్థం. నాకు ఇంకా యాభై అడుగులుంది. ఆగు అన్నాను. రాలేదు. ఆగు అన్నాను. రెండోసారి వచ్చిందో లేక అది నా వెనక ఆమె అరిచిందో ఇప్పటికీ చెప్పలేను, ఆ కేక గుట్టంతా వినపడింది.

సాయిలు ఆగాడు. ఆగమంటే ఆగుతానన్నాడు, ఆగాడు, గొంతు ఎవరిదని చూసుకోలేదు. జారి, ఒక మోకాలు ఆన్చి, రెండు చేతులతో గాలిని పట్టుకుని ఆగాడు. నేను చేరేసరికి ముసుగు తీసి, తన కాళ్ళ ముందు జానెడు దూరంలో ఏముందో చూస్తున్నాడు. "ఏంటండీ ఇది, మీరేగా కావాలన్నారు," అంటూ బుల్లిబాబు గారు పరిగెత్తుకొచ్చాడు. నేను నేల మీద కూర్చుండిపోయాను. "అతను దూకుతానని ఒప్పుకోలేదు," అన్నాను, "పరిగెడతానని ఒప్పుకున్నాడు. ఇక్కడ ఉరకడమంటే అదే." ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. గొట్టం కింద పెట్టి నా పక్కనే కూర్చున్నాడు. "నేను ఆగమనేవాణ్ణి కాదండీ," అన్నాడు నెమ్మదిగా. "కెమెరా తిరుగుతుంటే ఎందుకు ఆగమంటాను." సాయిలు ఇంకా కిందికే చూస్తున్నాడు. "దునుకుడా? గీడికెల్లా?" అన్నాడు తనలో తాను. రుక్కమ్మ వచ్చి అతని కోటు రెక్క ఒకటి పిడికిట్లో పట్టుకుంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. భయం దిగిపోతుందని, కాళ్ళు మళ్ళీ నావి అవుతాయని కూర్చుని ఉన్నాను. సాయిలు వెనక్కి నడిచి వచ్చి మా ముందు గొంతుక్కూర్చున్నాడు. ముసుగును అటూ ఇటూ తిప్పాడు. "దునుకుడు నాకొస్తది సారు," అన్నాడు. "బాయిలల్ల దునుకుతనే ఉంట. గట్ల అడిగితె దునికెటోన్నే గద. జర అవుతలికి దునుకాలె, గంతే." బుల్లిబాబు గారు తల ఎత్తి అతన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఎండ ఇంకా ఉంది. కెమెరా దగ్గర మనుషులు కదలకుండా నిలబడి ఉన్నారు. "మీరు సిన్మ జూసిన్రు," అన్నాడు సాయిలు నాతో, "నిజం చెప్పుండ్రి సారు. నేను దునుకకుంటె సిన్మ ఖరాబైతదా?"

ఖరాబవుతుంది. నాకు తెలిసినంత గట్టిగా ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియదు. అతను దూకితే ఆ సినిమా నిలబడుతుంది, దూకకపోతే కూలుతుంది, అడుగుతున్నవాడు దూకడానికి సిద్ధంగా ఉన్నాడు, ఈసారి అన్నీ తెలిసి, తన భాషలో, తన ఇష్టంతో. బహుశా చట్టును దాటతాడు కూడా. బహుశా. "కాదు," అన్నాను. "ఏమీ కాదు. నువ్వు వచ్చి అక్కడ నిలబడతావు చూడు, అక్కడికి చాలు. సినిమా బాగుంది." నా జీవితంలో మొదటిసారి నా గొంతులో నమ్మించేది ఏమీ లేదు, వణికింది, మధ్యలో విరిగింది, ఎవడైనా ఇలా నటిస్తే రెండు మార్కులు కూడా వేయను. సాయిలు నమ్మాడో లేదో తెలియదు, తల ఊపాడు. బుల్లిబాబు గారు చేత్తో కళ్ళు తుడుచుకుని, కెమెరా వైపు వద్దని చెయ్యి ఊపాడు. రుక్కమ్మ మాత్రం నా మొహం మీంచి చూపు తిప్పలేదు. మొగుడి చేతిలోంచి ముసుగు తీసుకుని చంకలో పెట్టుకుంది.

"కాయితంల గూడ గిట్లనే రాస్తరా సారు?" అంది.

"రాస్తానమ్మా."

"రాయుండ్రి," అంది. "సదివిచ్చుకోని వింట."